పొయ్యి ఆర్పకమ్మా

మాషేజీ పాట ఎత్తుకునే మనిషి కాదు. గురువారం గురువారం ఎర్ర జాకెట్లు వేసుకుని చర్చి వెనక గదిలో చేరే ఆడవాళ్ళ ప్రార్థనలో ఎవరో ఒకరు గొంతెత్తి మొదలుపెట్టేవాళ్ళు. ఈవిడ కింద నుంచి రెండో గొంతు కలిపేదాకా ఆ పాట కుదురుగా నిలబడేది కాదు. గురువారమే ఎందుకంటే నల్లవాళ్ళ బస్తీ అయిన మా లామొంట్‌విల్ ఆడవాళ్ళకి దొరసానులు సెలవిచ్చేది ఆ ఒక్క పూటే. దేవుడైనా సరే, మమ్మల్ని కలవాలంటే దొరసాని తీరిక చూసుకుని రావాల్సిందే!

ఆవిడ మొగుడు గుమెడె ఈ దక్షిణాఫ్రికాలోనే పెద్దదైన డర్బన్ రేవులో మూటలు మోసేవాడు. వారమంతా ఒంగిన నడుముతో తిరిగే మనిషి శనివారం వచ్చేసరికి నిటారుగా నిలబడేవాడు. తళతళలాడే బూట్లు, జేబులో తెల్ల చేతిగుడ్డ, రేవు కూలీల పాటల జట్టులో మంద్రం గొంతు. వాళ్ళ పోటీలకి తీర్పు చెప్పేది ఎవరనుకున్నారు? మాలో మాకు నమ్మకం ఎక్కడేడిచింది? ఫలానావాడు ఫలానా జట్టుకి బావమరిదని పేచీ. అందుకని వీధిలోకి పోయి, ఎదురొచ్చిన తెల్లవాణ్ణి, ఎవడైతేనేం, సగం సార్లు తాగి తూలుతున్నవాణ్ణే పట్టుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టేవాళ్ళు. భాష రాదు, పాట తెలీదు, ఎవరికీ చుట్టం కాడు. అంతకన్నా న్యాయంగా తీర్పు చెప్పేవాడెవడు? వాడు కునికిపాట్లు పడుతూ పడుతూ, మెలకువొచ్చిన క్షణంలో ఎవరు పాడుతుంటే వాళ్ళకి బహుమతి మేకని ఇప్పించేసి పోయేవాడు.

గుమెడె జట్టుకి మేక ఎప్పుడూ రాలేదు. దానికి కారణం గుమెడే అని జట్టు పెద్ద తిట్టేవాడు. ఆయన చెయ్యి దించగానే అందరూ ఒక్క వేటున ఆపాలి. గుమెడె ఆపడు. అందరి నోళ్ళూ మూతపడ్డాక వాడి మంద్రం ఒక్కటే ఇంకాస్త దూరం నడిచి వెళ్ళి ఆగేది.

"ఏరా గుమెడె, స్టేషన్ వచ్చింది దిగమంటే దిగవేంట్రా?"

"మా ఊరు ఇంకా రాలేదన్నా."

ఆ జట్టు కట్టిన పాటల్లో ఒకటుంది. పల్లెల్లో పెళ్ళాం పిల్లల్ని వదిలి కూలీల హాస్టళ్ళలో పడుండే మగాళ్ళ పాట. "పొయ్యి ఆర్పకమ్మా, దారిలోనే ఉన్నాం." అంతే, ఆ ముక్కలే, మెల్లగా తిప్పి తిప్పి పాడతారు. అందులో తుపాకీ లేదు, జెండా లేదు. కానీ నల్లవాడి జేబులో పాస్‌బుక్కనే అనుమతి పుస్తకం లేకపోతే సొంత దేశంలోనే జైల్లో పడే రోజులవి. ఇంటికి పోతున్నాం అన్నా అది ప్రభుత్వాన్ని తిట్టినట్టే ఉండేది.

గుమెడె రేవులో క్రేను గొలుసు తెగి పోయాడు. అప్పటికి కొడుకు వెలాఫి ఇంకా పాలపళ్ళు ఊడే వయసులో ఉన్నాడు. మాషేజీ బెరియా గుట్ట మీద దొరసాని ఇంట్లో బట్టలుతికి, ఇస్త్రీ చేసి వాణ్ణి పెంచింది. వాడికి పదహారేళ్ళు నిండీ నిండక ముందే గొంతు మారింది. ఒక సాయంత్రం ఆవిడ చిక్కుళ్ళు ఉడికిస్తుంటే పెరట్లో ఎవరో ఆ పాట పాడారు. పాట అయిపోయాక కూడా మంద్రం ఆగలేదు, ఇంకాస్త దూరం వెళ్ళింది. మాషేజీ చేతిలో గరిటె జారి నేల మీద పడింది. బయటికి పరిగెత్తి చూస్తే చెట్టంత కొడుకు, సైకిలు గొలుసుకి నూనె రాస్తూ, వాళ్ళ నాన్న గొంతుతో పాడుకుంటున్నాడు.

"అలా సాగదీయకురా. మీ నాన్నకి ఆ పాపానికే మేక రాలేదు," అంది కళ్ళు తుడుచుకుంటూ.

"నాకు మేక వద్దులేమ్మా," అన్నాడు వాడు.

వాడికి కావలసింది వేరే ఉంది. ఎనభైలో పిల్లలు బడులు వదిలేసి వీధుల్లోకొచ్చారు. పోలీసులు కుక్కల్ని తెచ్చారు. ఒక గురువారం మాషేజీ ప్రార్థన నుంచి తిరిగొచ్చేసరికి మొక్కజొన్న ముద్ద, పులిసిన పాలు తిన్న గిన్నె కడిగి బోర్లించి ఉంది, వెలాఫి లేడు. పక్క బస్తీలో ఉండే స్నేహితుడు బెకానీ కూడా లేడు. మావాళ్ళ పోరాట సంస్థలో చేరడానికి సరిహద్దు దాటారని వారానికి తెలిసింది. పోలీసులొచ్చి ఆవిణ్ణి స్టేషన్‌కి ఈడ్చుకెళ్ళి, ఎక్కడున్నాడు చెప్పమని చెంపలు వాయించారు.

"నా కడుపులోంచి వచ్చేటప్పుడు నన్నడిగి రాలేదు, పోయేటప్పుడూ అడిగి పోలేదు," అందావిడ, పెదవి మీద రక్తం కారుతుంటే.

ఆ మాట మా బస్తీ అంతా నెలల తరబడి చెప్పుకున్నాం. చెప్పుకుని మురిసిపోయాం. ఇంటికొచ్చి ఆవిడ ఎలా ఏడ్చిందో మాత్రం పక్కింటి మాబెంగుకొక్కదానికే తెలుసు.

ఉత్తరం ముక్క రాలేదు. మూడు క్రిస్మస్‌లు పోయాయి. ఎనభై మూడు ఈస్టర్ సోమవారం సాయంత్రం, దొరసాని పారేయమంటే తెచ్చుకున్న పాత రేడియోలో ముల్లు తిప్పుతుంటే, దేశం బయట నుంచి మావాళ్ళు నడిపే స్టేషను తగిలింది. వింటే జైలే. అందుకని గొంతు తగ్గించి, రేడియో మీద దుప్పటి కప్పి, దుప్పటిలో తల దూర్చి వినేవాళ్ళం అందరం. తుపాకుల చప్పుడు, ఎవరిదో ప్రసంగం, ఆ తర్వాత ఒక పాట.

పొయ్యి ఆర్పకమ్మా, దారిలోనే ఉన్నాం.

ఇరవైమందో ముప్ఫైమందో మగాళ్ళు. పాట అయిపోయింది. అందరూ ఆపారు. ఒక్క మంద్రం ఇంకా నడిచింది, కొంచెం దూరం. అప్పుడు ఆగింది.

మాషేజీ దుప్పటి విసిరేసి, చెప్పుల్లేకుండా మాబెంగు ఇంటికి పరిగెత్తింది. "బతికున్నాడే! నా కొడుకు బతికున్నాడే! ఇప్పుడే నాతో మాట్లాడాడు!"

"అబ్బ, మెల్లగా వదినా! గోడలకి చెవులున్నాయి, ఆ చెవులకి ప్రభుత్వం జీతమిస్తోంది," అని మాబెంగు ఆవిడ నోరు మూసింది.

ఆ రోజు నుంచి మాషేజీకి వారమంటే ఆ సాయంత్రమే. పాట ప్రతివారం రాదు. వచ్చిన వారం ఆవిడ నడక వేరుగా ఉండేది. దొరసాని ఇంట్లో ఇస్త్రీ పెట్టె మీద దరువేసేది. రాని వారం కాలు కాలిన పిల్లిలా తిరిగేది. ఆవిడ రేడియో పెట్టినప్పుడల్లా మాబెంగు పెరట్లో కూర్చుని అంట్లు తోమేది, చప్పుడుకి ఎవరికీ ఏమీ వినపడకుండా.

"నీ కొడుకు దేశాన్ని విడిపించేలోపు నా గిన్నెలన్నీ సొట్టలు పడిపోయేట్టున్నాయి వదినా. వాడొచ్చాక కొత్తవి కొనిపెట్టమను."

"కొనిపెడతాడు లేవే. ముందు ఆ మూకుడు గట్టిగా తోము, గోల చాలట్లేదు."

ఎనభై అయిదులో గుమెడె అన్న ఎలియాస్ పల్లె నుంచి వచ్చాడు. పెద్దమనిషి, మాట పొదుపు. చుట్ట పక్కన పెట్టి నేల చూస్తూ చెప్పాడు. "అమ్మాయ్, ఇన్నేళ్ళయింది. కబురు లేదు. వాడు ఎక్కడో పడిపోయి ఉంటాడు. ఆత్మని అక్కడే వదిలెయ్యకూడదు. కొమ్మ పట్టుకెళ్ళి తెచ్చుకుందాం."

మాలో పరాయి చోట చచ్చిన మనిషి చచ్చిన చోటే ఉండిపోతాడు. ఇంటివాళ్ళు రేగు కొమ్మ తీసుకుని ఆ చోటికి వెళ్ళి, పేరు పెట్టి పిలిచి, ఆ కొమ్మ మీద ఎక్కించుకుని, దారి పొడుగునా ఇదిగో ఇక్కడ మలుపు తిరుగుతున్నాం, ఇదిగో ఏరు దాటుతున్నాం అని చెబుతూ తీసుకొస్తేనే ఇల్లు చేరతాడు. ఎవరూ రాకపోతే అక్కడే తిరుగుతుంటాడు, ఆకలితో.

ఎలియాస్ మాట పూర్తి కాకముందే మాషేజీకి అరికాలి మంట నెత్తికెక్కింది. "బతికున్నవాడికి కర్మ చేస్తానంటావా? నీ నోట్లో మన్ను పడ! మొన్న సోమవారమే పాడాడు వాడు, ఈ చెవుల్తో విన్నాను. లే, ముందు నా ఇంట్లోంచి లే!"

బావగారిని అలా అన్న ఆడది మా బస్తీలో అంతకుముందు లేదు. ఎలియాస్ టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

తొంభైలో మా సంస్థల మీద నిషేధాలు పోయాయి. బెంచీల మీద, సముద్రపొడ్డున, పోస్టాఫీసు కిటికీల మీద తెల్లవారికి మాత్రమే అన్న బోర్డులు అంతకుముందే ఒక్కొక్కటీ ఊడుతూ వచ్చాయి. ప్రవాసంలో ఉన్నవాళ్ళు విమానాల్లో దిగడం మొదలైంది. విమానం వస్తుందన్న కబురు వస్తే చాలు, మాషేజీ డబ్బాలో చిక్కుళ్ళు, మొక్కజొన్న ముద్ద సర్దుకుని విమానాశ్రయానికి వెళ్ళేది. తల్లులందరూ పాడుతుండేవాళ్ళు, ఆవిడా పాడేది. కొడుకులు దిగేవాళ్ళు. ఆవిడ డబ్బా మూత తీయకుండానే తిరిగొచ్చేది. దిగినవాళ్ళని అడిగితే ఒకడు నాకు తెలీదనేవాడు, ఇంకొకడు చదువుకి టాంజానియా పోయారు కొందరనేవాడు. ఇంకొకడు తల దించుకుని సామాను వెతుక్కునేవాడు. తల దించుకున్నవాణ్ణి మాషేజీ రెండోసారి అడగలేదు. ఎందుకు అడగలేదో నేను చెప్పక్కర్లేదు.

తొంభై నాలుగు ఏప్రిల్‌లో ఓటు. మా జన్మకి మొదటిది. స్కూలు చుట్టూ తిరిగి, రోడ్డు దాటి, దుకాణాల దాకా వరస. ఎండెక్కింది, కాగితాలు ఇంకా రాలేదన్నారు, ముసలాళ్ళకి కాళ్ళు పీక్కుపోతున్నాయి. అప్పుడు వరసలో ఎవరో ఆ పాటే ఎత్తుకున్నారు. ఏళ్ళ తరబడి దుప్పట్ల కింద విన్న పాట! అందరికీ వచ్చు, అది రేడియోకెక్కిన నాటి నుంచి ఎవరూ పైకి పాడలేదు. మాషేజీ కింద నుంచి గొంతు కలిపింది. దుకాణాల దాకా పాకింది పాట. కాపలాకి నిలబడ్డ తెల్ల పోలీసు కుర్రాడొకడు తుపాకీ భుజాన సర్దుకుని, ఏం చెయ్యాలో తెలీక, బూటు కొసతో తాళం వేశాడు. మేం చూశాం. మాబెంగు నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది.

"ఇక వచ్చేస్తాడే," అంది మాషేజీ, వేలి మీద ఓటు సిరా పడ్డాక. "ఇంకా ఏం అడ్డమే వాడికి?"

మే నెలలో ఆఖరి ఆదివారం బెకానీ వచ్చాడు. చేతికర్ర, కుంటి నడక, నెరిసిన గడ్డం. ఆవిడ ముందు పోల్చుకోలేదు. పోల్చుకున్నాక వాడి ముఖం చూడలేదు, వాడి భుజం మీదుగా గేటు కేసి చూసింది.

"వాడేడీ? వెనకొస్తున్నాడా?"

"అమ్మా, కూర్చో."

"కూర్చోను. కూర్చోమన్నవాడెవడూ నాకింతవరకు మంచి మాట చెప్పలేదు."

బెకానీ కర్రని గోడకి ఆనించాడు. అది జారి పడింది. తీయలేదు. "ప్రభుత్వ రేడియోలో మన పాటలు వేస్తారంటమ్మా వచ్చే నెల నుంచి. పాడినవాళ్ళ పేర్లు చెప్పి మరీ. మా జట్టు సంగతి నన్నడిగారు. వెలాఫి పేరు ముందు వాళ్ళు ఏం చెప్తారో... అది నువ్వు రేడియోలో వినకూడదని వచ్చాను. సంస్థవాళ్ళు నీకెప్పుడో చెప్పేశారనుకున్నాను. కాదు, అబద్ధం. చెప్పి ఉంటారులే అని నా మనసుకి సర్దిచెప్పుకున్నాను. మూడేళ్ళయింది నేనొచ్చి. ఈ వీధి మొదట దాకా వచ్చి తిరిగిపోయాను చాలాసార్లు."

"చెప్పు," అంది మాషేజీ.

"మలేరియా. అంగోలా శిబిరంలో. వారం కూడా లేడమ్మా. మందుల లారీ వానకి దారిలో దిగబడిపోయింది. నేనే గొయ్యి తవ్వాను. ఈ చేతుల్తోనే మన్నేశాను."

"ఎప్పుడు?"

"ఎనభై రెండు. క్రిస్మస్ ముందు."

ఆవిడ ముఖంలో ఏదో వెలిగింది. దేవుడా, అది ఆశ! "అయితే వాడు కాదు. నువ్వు పొరబడ్డావు నాయనా. ఎనభై మూడు ఈస్టర్‌కి పాడాడు వాడు. నేను విన్నాను. మాబెంగుని అడుగు. ఆ తర్వాత కూడా పాడాడు, ఏళ్ళ తరబడి పాడాడు!"

"టేపమ్మా అది. అంగోలాకొచ్చి లువాండాలో దిగిన కొత్తలో మా అందరిచేతా పాడించి పట్టుకెళ్ళారు. రేడియోలో వెయ్యడం మాత్రం ఆ తర్వాతే మొదలెట్టారు."

మాషేజీ వంగి, పడి ఉన్న కర్ర తీసి గోడకి ఆనించింది.

"అంటే నేను మొదటిసారి విన్ననాటికే..."

"అవునమ్మా."

"మరెందుకు వేశార్రా?" ఆవిడ గొంతు అప్పుడు లేచింది. అంత పైకి అంతకుముందెన్నడూ లేవలేదు. వీధంతా వినపడింది. "చచ్చినవాడి చేత అన్నేళ్ళు దారిలోనే ఉన్నాం అనిపించారు కదరా! ఎందుకు వేశారు?"

"ఆపుదామని ఒకసారి నేనే అడిగానమ్మా. కానీ ఆ పాటొస్తే జ్వరంతో పడున్నవాళ్ళు లేచి కూర్చునేవాళ్ళు. ఇక్కడ జైళ్ళలో మనవాళ్ళు గోడలు తట్టి ఆ దరువు ఒకళ్ళకొకళ్ళు అందించుకునేవాళ్ళంట. ఎలా ఆపమంటావ్?"

"ఊరందరికీ ధైర్యం చెప్పారు. నాకు చావు కబురు చెప్పడానికి మాత్రం ఒక్కడికీ నోరు పెగల్లేదు."

బెకానీ ఏడ్చాడు. ఆవిడ ఏడవలేదు. లోపలికెళ్ళి వాడికి అన్నం పెట్టింది, మా ఇళ్ళకొచ్చినవాడు తినకుండా పోకూడదు కాబట్టి. వాడు మెతుకు మింగలేకపోయాడు.

ఆవిణ్ణి కుంగదీసింది కొడుకు చావు ఒక్కటే కాదు. ఆ సాయంత్రం మాబెంగు చెయ్యి పట్టుకుని ఒకటే అంది. "వాడు పిలిచి ఉంటాడే. అమ్మ వస్తుంది, కొమ్మ తెస్తుంది అని చూసి ఉంటాడు. ఇన్నేళ్ళు ఆ పరాయి అడవిలో ఎండకీ వానకీ. బావగారు చెప్పారే నాకు! నోట్లో మన్ను పడాలన్నాను. వాడక్కడ ఆకలితో తిరుగుతుంటే నేనిక్కడ దుప్పటి కప్పుకుని పాట విని నవ్వుకున్నానే."

మాబెంగు నోరు మా బస్తీలో ఎవరికీ లోకువ కాదు. ఆ రోజు అది ఆ చెయ్యి వదలకుండా తెల్లారేదాకా పక్కనే కూర్చుంది.

మర్నాడే మాషేజీ పల్లెకి వెళ్ళి ఎలియాస్ గుమ్మం బయట మట్టిలో కూర్చుంది, లోపలికి రమ్మనేదాకా. ఆయన చూసి చూసి బయటికొచ్చాడు.

"నా నోట్లో మన్ను పడమన్నావు. పడలేదు. పళ్ళే ఊడిపోయాయి," అన్నాడు. ఆ తర్వాత ఆవిడ ముఖం చూసి, పక్కనే ఆ మట్టిలోనే చతికిలబడ్డాడు. "ఎక్కడ?"

"అంగోలాలో."

"అక్కడింకా యుద్ధం నడుస్తోందంటున్నారు కదమ్మా. దారి తెరుచుకోనీ. ఆగుదాం."

"ఆగడం ఇక నావల్ల కాదు బావగారూ. గొయ్యి దగ్గరికి పోలేం. గొయ్యి తవ్విన చేతులున్నాయి, బెరియాలో. వాడి మీద ఆఖరి మన్నేసిన చేతులు. అక్కణ్ణించి పిలవండి."

"అలా చేసినట్టు మా తాతలెవరూ చెప్పలేదే."

"మీ తాతల కొడుకులెవరూ దేశం దాటిపోయి చావలేదు."

ఎలియాస్ చాలాసేపు చుట్ట కాల్చాడు. ఆ తర్వాత లేచి, దొడ్డి వెనక రేగు చెట్టు దగ్గరికి కత్తి పట్టుకుని నడిచాడు.

బెకానీ బెరియా గుట్ట మీద ఒక మేడ వెనక గదిలో అద్దెకుంటున్నాడు. మాషేజీ జీవితమంతా బట్టలుతికిన వీధికి రెండు వీధులవతల. వాళ్ళిద్దరూ వెళ్ళేసరికి వాడు కొత్త చొక్కా తొడుక్కుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఎలియాస్ పోయినవాళ్ళని పిలిచే ఇంపెఫో ఆకు వెలిగించి పొగ వేశాడు. బెకానీ అరచేతులు చాపాడు. వాటి మీద రేగు కొమ్మ పెట్టాడు ఎలియాస్. ముళ్ళు దిగి రక్తం చిమ్మింది, వాడు చేతులు కదపలేదు.

ఎలియాస్ వంశం పేర్లన్నీ ఒక్కొక్కటే చెప్పి పిలిచాడు. "వెలాఫి గుమెడె! లే నాయనా. పరాయి చోట పడుకున్నది చాలు. మీ అమ్మ వచ్చింది. ఇంటికి పోదాం రా." అంత దూరం చెప్పి పెద్దాయన ఆగిపోయాడు. కొమ్మ తీసుకుని మోయవలసింది మగవాడు, దారి చెప్పవలసిందీ ఆయనే. అయినా కొమ్మని మాషేజీ చేతుల్లో పెట్టేశాడు. "నువ్వే చెప్పుకోమ్మా. నా గొంతు వాడికి గుర్తుండదు."

కొమ్మ పట్టుకున్న మనిషి ఇంకెవరితోనూ మాట్లాడకూడదు. మాషేజీ మాట్లాడలేదు, వాడితో తప్ప. "మెట్లు దిగుతున్నాం నాన్నా. ఇదిగో గేటు. ఇప్పుడు గుట్ట దిగి బస్సెక్కుతాం."

బస్సులో నలుగురికి టికెట్టు తీశాడు బెకానీ. చచ్చినవాడికీ సీటు ఉండాలి. కండక్టరు నలుగురెక్కడ అని అడగబోయి, కొమ్మ చూసి, టోపీ తీశాడు. మాషేజీ ఎన్నో ఏళ్ళు ఈ బస్సులోనే పనికొచ్చింది, ఎప్పుడూ పై అంతస్తులో చివరి వరసలో కూర్చుని. కింద ముందు సీట్లు తెల్లవాళ్ళవి. బోర్డు పోయి ఏళ్ళయినా ఆవిడ కాళ్ళు వాటంతటవే మెట్లకేసి తిరిగేవి. ఆ రోజు కూడా మెట్టు మీద కాలు పెట్టింది. పెట్టి, ఆగింది. వెనక్కి తిరిగి, డ్రైవరు వెనక మొదటి సీట్లో కిటికీ పక్కన కొమ్మని పెట్టింది. దాని పక్కన తను కూర్చుంది.

"ఇక్కడ కూర్చో నాన్నా. ఇక్కణ్ణించి అన్నీ కనిపిస్తాయి. ఏమీ అనరులే ఇప్పుడు."

రెండు స్టాపుల తర్వాత ఒక తెల్ల ముసలావిడ బుట్టతో ఎక్కింది. బస్సు నిండుగా ఉంది. కిటికీ పక్క సీటు ఖాళీగా కనిపించి అటు చూసింది. పక్క వరసలో ఉన్న ఎలియాస్ ఎవరూ అడక్కముందే లేచి నిలబడిపోయాడు. మర్యాదకి లేచాడో, ఒంట్లో పాతుకుపోయిన భయానికి లేచాడో ఆయనకే తెలీదు. తర్వాత నాతో అన్నాడు, "కొత్త దేశం వచ్చిందని నా మోకాళ్ళకి ఇంకా ఎవరూ చెప్పలేదమ్మా."

ఆ ముసలావిడ కూర్చుని, కొమ్మని చూపించి, పనివాళ్ళతో మాట్లాడ్డానికి నేర్చిన వచ్చీరాని వంటింటి జూలు భాషలో అడిగింది, "అది ఎవరి కోసం?"

"మా అబ్బాయి కూర్చున్నాడమ్మా," అన్నాడు ఎలియాస్, కడ్డీ పట్టుకుని. "ఇంటికి తీసుకెళ్తున్నాం."

ఆవిడకేం అర్థమయిందో ఏమో, బుట్ట ఒళ్ళోకి తీసుకుని, దిగేదాకా ఆ కొమ్మ కేసే చూస్తూ కూర్చుంది.

మాషేజీ మాత్రం ఆగకుండా చెబుతూనే ఉంది. సన్నగా, వాడికి మాత్రమే వినపడేట్టు. "ఇది దొరసాని వీధి. ఆవిడ పోయింది నాన్నా, పోయినేడు. ఇది నీకు చెప్పులు కొన్న కొట్టు. ఇప్పుడు సముద్రం కనిపిస్తుంది చూడు. చిన్నప్పుడు ఆ నీళ్ళలో దిగుతానని ఏడ్చావు, బోర్డు చూపించి ఈడ్చుకొచ్చాను. కొట్టాను కూడా. ఇప్పుడు ఎవరైనా దిగొచ్చట. నేనింకా దిగలేదు."

ఊళ్ళో దిగి లామొంట్‌విల్ వ్యాను ఎక్కారు. మా వ్యాను డ్రైవర్ల సంగతి తెలిసిందే, చెవులు చిల్లులు పడేలా పాటలు పెడతారు. ఆ కుర్రాడు కొమ్మ చూడగానే పాట కట్టేశాడు. వ్యానులో అందరూ టోపీలు తీశారు, ఆడవాళ్ళు శాలువాలు తల మీదికి లాక్కున్నారు. బస్తీ దాకా ఆ వ్యానులో ఆవిడ గొంతు ఒక్కటే వినిపించింది. "వంతెన దాటుతున్నాం. ఇదిగో నీ బడి. ఎడమకి తిరిగాం. వచ్చేశాం నాన్నా, వచ్చేశాం."

ఎర్ర జాకెట్లు వేసుకుని ఆడవాళ్ళందరం గేటు దగ్గర నిలబడ్డాం. పాడాలని వచ్చాం. ఆవిడ కిందనుంచి గొంతు కలపందే మా పాట ఎత్తుకున్న చోటే తడబడింది, మేమే ఆపేశాం. ఆవిడ మా మధ్యనించి నడిచి లోపలికెళ్ళి, ఇంట్లో వెనక మూల, పోయిన పెద్దల చోటులో కొమ్మని పడుకోబెట్టింది. ఎలియాస్ మేకని కోశాడు. మొదటి ముక్క, పులిసిన పాలు ఆ మూల పెట్టారు.

అప్పుడు ఏడ్చింది మాషేజీ. పద్నాలుగేళ్ళుగా దాచుకున్నదంతా ఆ చాప మీద పడి ఏడ్చింది. మేమెవరం ఓదార్చలేదు. అది ఆపాల్సిన ఏడుపు కాదు.

సాయంత్రానికి జనం పల్చబడ్డారు. ఆవిడ ఆ మూల గోడకి ఆనుకుని, కొమ్మకి దోమలు వాలకుండా కాబోలు, చేత్తో విసురుతూ కూర్చుంది. అప్పుడు మాబెంగు తన ఇంట్లోంచి పెద్ద కొత్త రేడియో గుండెలకి హత్తుకుని పరిగెత్తుకొచ్చింది. ప్రభుత్వ రేడియో, గొంతు పూర్తిగా పెంచి, దుప్పటీ లేదు, భయమూ లేదు.

"వదినా! వేస్తున్నారు వదినా! వాడి పేరు చెప్పారు, దేశమంతా వింటోంది! విను, మొదలైంది..."

పొయ్యి ఆర్పకమ్మా అంటూ మగాళ్ళ గొంతులు గది నిండా లేచాయి.

మాషేజీ తల తిప్పకుండానే చెయ్యెత్తింది.

"కట్టెయ్యవే," అంది మెల్లగా. "ఇప్పుడే వచ్చాడు. పడుకోనీ."

మాబెంగు రేడియో కట్టేసింది.